‘కల్’ అను చిన్న మాట

(ఆదోని ప్రాంతమున ఒక గ్రామ గ్రంథాలయములో చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖవారు ఊరికి వచ్చినారనగానే ఎరువుల సంగతియో, టీకాల సంగతియో చెప్పుదురని మీరు ఎదురు చూచుట సహజము. టీకాల సంగతి ఈ సాయంకాలము కూడ వచ్చును గాని, కొంత చుట్టు తిరిగి వచ్చును. ముందుగా ఒక చిన్న మాటను గూర్చి ముచ్చటింతము. ఆ మాట ‘కల్’.

మన సీమలో ఏ సంతకు పోయినను మూడు భాషలు చెవిని బడును. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వఱకు బళ్లారి జిల్లాలోనివి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన ఆ దినమున ఇవి ఇటు చేరినవి, బళ్లారి మైసూరు వైపు పోయినది. పటము మీది గీత మాఱినది గాని ఇండ్లలోని మాట మాఱలేదు. నేటికిని ఇచ్చట తల్లితో కన్నడము, అంగడిలో తెలుగు మాటాడు కుటుంబములు ఎన్నియో కలవు. అంతకు పూర్వము ఆదోని బీజాపురమువారి యేలుబడిలో నుండెను. కర్నూలులో 1839 వఱకు నవాబులు పాలించిరి. కడపను మయానా నవాబులు ఏలిరి. అందువలన దక్కనీ ఉర్దూ ఊరూర వేళ్లూనినది. ఇన్ని భాషలు ఒకే బావి నీరు త్రాగుచోట ఒక మాట అందఱికి ఒకే యర్థము నిచ్చునని తలచుట పొరపాటు.

ఒకమాఱు మేము బళ్లారి దారిలో పోవుచుంటిమి. ఒక దుకాణము ముందు కన్నడ ఫలకము కనబడినది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కదా! మా వెంటనున్న కడప మిత్రుడు కూడబలుకుకొని చదివెను: ‘కడప కల్లు దొరెయుత్తదె’. చదివి, ముఖము చిన్నబుచ్చుకొని, “మా ఊరి కల్లు ఇంత దూరము వచ్చి అమ్ముడు పోతా ఉందా సారూ?” అని అడిగెను. పాపము, అతని బాధ నిజమైనది. మద్రాసు ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభించి, మఱుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించినది. ఆ సంగతి అతడు తాతగారి నోట విన్నవాడు. అట్టి జిల్లా పేరు కల్లుతో ముడిపడుట అతనికి రుచింపలేదు. దుకాణములో మాత్రము కల్లుకుండ ఒక్కటియు లేదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నుండి వచ్చిన నల్లని నాపరాళ్లు వరుసగా నిలువబెట్టియున్నవి. కన్నడములో కల్లు అనగా రాయి. మనము కడప రాయి అనుదానినే వారు కడప కల్లు అందురు.

మఱి కన్నడిగులు కల్లును ఏమందురు? కళ్ళు అందురు! మనకు కళ్ళు అనగా నేత్రములు, వారికి నేత్రము కణ్ణు. ల, ళ అను రెండక్షరముల నడుమ ఎంత చిక్కు దాగియున్నదో చూచితిరా? తమిళము, మలయాళము కూడ రాయిని లకారముతోను, కల్లును ళకారముతోను వేఱుగా పలుకును. మన తెలుగులో ఆ భేదము చెరిగిపోయి, తాళ్ల నుండి, ఈదుల నుండి దిగు పానీయమునకు లకారమే నిలిచినది.

రాయి అను అర్థము మన భాషకు పూర్తిగా కొత్తదని తలపవలదు. ఓర్వకల్లు, గుంతకల్లు అను ఊళ్ల పేళ్లను చూడుడు. కర్నూలు నుండి నంద్యాలకు పోవు దారిలో ఓర్వకల్లు వద్ద నిలిచియున్న ఆ శిలలను చూచినవానికి ఆ పేరు చివర కల్లు ఏల యున్నదో ఎవ్వరును చెప్పనక్కఱలేదు. అక్కలారా, మీకు అంతకంటె దగ్గఱి సాక్ష్యము కలదు. పెండ్లిలో వధువు చేత తొక్కించునది ఏమి? సన్నికల్లు. నూఱుకొను రాయి. ఉప్పుగల్లు అన్నను అదియే: ఉప్పురాయి. పాతమాట వాడుకలో నుండి తొలగినను, ఆడువారి వంటయింటిలో ఏదో యొక మూల నక్కియుండును.

తమిళములో కల్ అను రూపమునకే ఇంకొక యర్థము కూడ గలదు, ‘నేర్చుకొనుము’ అని. విద్యకు వారు కల్వి అనుటయు దీనినుండియే. సంస్కృతమున కల అనగా మృదుమధురమైన ధ్వని, కలకంఠి అను మాట మీరు హరికథలలో వినియే యుందురు. సముద్రములు దాటి పోయినచో తుర్కీవారికి కల్ అనగా ‘ఉండుము’. అరబ్బీలో కల్లా అనగా ‘కానే కాదు’ అని గట్టి నిషేధము, మన కల్ల అనగా అబద్ధము. యూదుల హీబ్రూలో కల్ అనగా తేలికైనది. తమిళునికి రాయి, యూదునికి తేలిక!

ఇవి అన్నియు ఒక తల్లి బిడ్డలని మాత్రము భ్రమపడరాదు. మనుష్యుని నోరు పలుకగల చిన్న శబ్దములు కొన్నియే, చెప్పవలసిన సంగతులు అనంతము. కావున ఒకే శబ్దము దేశదేశములలో వేఱు వేఱు పనులకు కుదురుకొనును. సన్నికల్లులోని కల్లు, కన్నడ తమిళముల కల్లు నిజముగా చుట్టములు. మన కల్ల, అరబ్బీ కల్లా సంతలో ఎదురుపడిన బాటసారులు మాత్రమే. ఈ భేదము తెలియుటకు నిఘంటువులు కావలెను. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఆ ఊరిలో పండితులను కూర్చుకొని మన భాషకు చేసిన సేవ మీరు ఎఱుగుదురు. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వెలువడినది. దానికి తోడుగా తెలుగులో కలిసిపోయిన అన్యభాషాపదములకు 1854లో మిశ్రభాషా నిఘంటువు వేఱుగా అచ్చువేయించెను. కచ్చేరిలో రైతు చెప్పిన మాట అధికారికి తెలియనిచో నష్టపోవునది రైతే యని ఆయన గ్రహించి యుండవలెను.

ఇక టీకాల సంగతి. ఉర్దూలో, హిందీలో కల్ అనగా రేపు. నిన్న అనుటకు కూడ కల్ అనియే. ప్రాతఃకాలము అను అర్థము గల సంస్కృతపు ‘కల్యము’ నుండి ఈ మాట పుట్టినది. నేటికి ఒక దినము ఎడము అని మాత్రము ఇది చెప్పును. ఆ ఎడము వెనుకనో ముందో తెలుపు భారము క్రియది. ఆయా అనిన నిన్న వచ్చెను, ఆయేగా అనిన రేపు వచ్చును. పర్సోఁ అను మాటకును ఇదే గతి, మొన్నయు అదియే, ఎల్లుండియు అదియే. క్రియ యున్నంతవఱకు చిక్కు లేదు.

ఈ తాలూకాలోనే ఒక గ్రామమునకు పసిబిడ్డల టీకాల ప్రచారమునకై పోయితిమి. టీకాలు మఱునాడు. ఊరంతయు తెలుగున చాటించి, పొద్దు వాలుచుండగా తిరిగి బండి యెక్కుచుంటిమి. అఱుగు మీద మనుమరాలిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఒక వృద్ధురాలు మా డ్రైవరును పిలిచి, “టీకే కబ్, బేటా?” అని అడిగినది. అతడు కర్నూలువాడు, దక్కనీ ఇంటిమాట. తాళపుచెవి త్రిప్పుచునే “కల్” అనెను. ఇద్దఱిలో ఒక్కరి నోటనైనను క్రియ రాలేదు. మేము ప్రక్కనే యుంటిమి, వింటిమి, ఊరకుంటిమి.

మూడవనాడు మరల ఆ దారిని వచ్చితిమి. ఆరోగ్య కార్యకర్త చిట్టాలో ఒక పేరు ఎదుట గడి ఖాళీగా నుండెను. విచారింపగా ఆ అఱుగు ఇల్లే. “నిన్ననే అయిపాయ అని మీ పిల్లోడే చెప్పె గదా సారూ! అయిపాయినాక యాడికి పొయ్యేది? పత్తి ఏరను పొయినా, పాపనీ ఎత్తుకొని పొయినా” అని ఆమె అన్నది. అందులో కోపము లేదు, అదియే మాకు సిగ్గు గొలిపినది. డ్రైవరు అబద్ధమాడలేదు, ఆమె తప్పు వినలేదు. ప్రచారము మా వృత్తి. ఊరిలో ఉర్దూ ఇండ్లు గలవని తెలిసియు తెలుగున మాత్రమే చాటించి తృప్తిపడినవారము మేము. ఆ దినమే అవ్వను, పాపను మా బండిలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి టీకా వేయించితిమి. మూడవనాడే తెలిసినది గనుక సరిపోయినది.

నాటినుండి మేము ఏ ఊరిలో చాటించినను రేపు, ఎల్లుండి అని విడిచిపెట్టుట లేదు. వారము పేరు, తేదీ చెప్పుదుము. కన్నడ ఇండ్లున్న వీధిలో కన్నడమున, ఉర్దూ ఇండ్లున్న వీధిలో ఉర్దూలో మరల చెప్పింతుము. బుధవారమునకు బుధ్, గురువారమునకు జుమేరాత్, శుక్రవారమునకు జుమా. ఇందులో వెనుక ముందుల గొడవ లేదు. క్రిందటి నెల ఆ గ్రామమునకే పోయినపుడు మా డ్రైవరు అలవాటు చొప్పున మరల “కల్” అని ఆరంభింపగా, అఱుగు మీదనుండి ఆ నానీ చేయెత్తి ఆపినది.

“కల్ గిల్ వద్దు బేటా. జుమేరాతా, జుమాయా? అది చెప్పు.”