అప్పుల సబ్ కమిటీ, మినిట్స్ పుస్తకం
(మహాజన సభలో సమాఖ్య అధ్యక్షురాలి ప్రసంగం)

లెక్కలు కార్యదర్శి చదివారు, మళ్లీ చెప్పను. అప్పుల సబ్ కమిటీ గురించి నాలుగు మాటలు మాట్లాడతాను.

"మీరు అయిదుగురే కూర్చుని తేల్చేస్తే ఇక మేమెందుకు?" అని పోయినసారి ఒక అక్క అడిగింది. అడగడం న్యాయమే. కానీ ప్రతి అర్జీకీ మహాజన సభ పెట్టలేం కదా. రిజర్వు బ్యాంకుకూ ఇదే తిప్పలు. దాని కేంద్ర బోర్డు ఏడాదికి కనీసం 6 సార్లు కూర్చోవాలని చట్టం. ఈలోపు పని ఆగదు గనుక బోర్డులోంచే ఒక చిన్న కమిటీ వారం వారం కూర్చుంటుంది. బ్యాంకుల మీద అజమాయిషీకి 1994లో ఇంకో చిన్న బోర్డు వేసుకున్నారు.

వడ్డీ సంగతి చూడండి. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీని రెపో రేటు అంటారు. ఒకప్పుడు అది గవర్నరు ఒక్కరి నిర్ణయం. 2016లో చట్టం మార్చి ఆరుగురి కమిటీకి అప్పగించారు. ముగ్గురు రిజర్వు బ్యాంకు వాళ్లు, ముగ్గురు ప్రభుత్వం వేసిన బయటివాళ్లు. నలుగురు లేనిదే కోరం లేదు. మనిషికో ఓటు. సమానంగా చీలితే గవర్నరుకు ఇంకో ఓటు. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో 14వ రోజున అందరికీ తెలిసేలా బయటపెట్టాలి. 2024 ఆగస్టులో నలుగురు 6.5 శాతమే ఉంచుదామన్నారు. ఆషిమా గోయల్, జయంత్ వర్మ పావు శాతం తగ్గిద్దామన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు. అయినా వాళ్ల కారణాలు మినిట్స్‌లో ఉన్నాయి. ఆరు నెలలకు, 2025 ఫిబ్రవరిలో, కమిటీ అంతే తగ్గించింది.

ఇక మన పుస్తకం. పోయినేడు ఒక చెల్లెలు గేదె కోసం అర్జీ పెట్టింది. ముగ్గురు వద్దన్నారు. నేనూ ఇంకొకరూ ఇద్దామన్నాం. పుస్తకంలో "ప్రస్తుతం వీలుపడదు" అని ఒక్క ముక్క రాసి అయిదుగురం సంతకాలు పెట్టాం. పాత బాకీలో రెండు కిస్తీలు తప్పడం అసలు కారణం. అది ఆమెకు ఎవరమూ చెప్పలేదు. చెప్పి ఉంటే అవి కట్టేసి మళ్లీ అడిగేది. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. కులం చూసి ఆపారని ఊళ్లో మాట వచ్చింది. కాదని చూపడానికి మా పుస్తకంలో ఏమీ లేదు.

అందుకని ఈ తీర్మానం పెడుతున్నాను. ప్రతి అర్జీ పక్కన ఎవరు సరే అన్నారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు అన్నది రాయాలి. వారంలోగా గ్రామ సంఘంలో చదివి వినిపించాలి. "పేరు రాస్తే రేపు ఆమె ముఖం ఎట్లా చూడాలి?" అని కమిటీలోనే ఒకరన్నారు. ఆ మొహమాటం నాకూ ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి, ఆ మాట కూడా మినిట్స్‌లో రాయిస్తాను.