బీపీ 168, చేతిలో 90 రోజులు: ట్రక్ డ్రైవర్ మెడికల్ టెస్ట్ నాకు నేర్పిన పాఠం

కొన్ని వారాలుగా కామెంట్లలో ఒకటే ప్రశ్న వస్తోంది. "అన్నా, అమెరికాలో ట్రక్ నడపాలంటే మెడికల్ టెస్ట్ ఉంటుందంట కదా, బీపీ ఉంటే ఫెయిల్ చేస్తారా?" అని. ఒక తమ్ముడైతే, "రేపు పొద్దున్నే టెస్ట్, ఈ రాత్రికి బీపీ తగ్గే చిట్కా ఏదైనా చెప్పన్నా" అని పెట్టాడు. చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే బాధేసింది. ఎందుకంటే మూడేళ్ల కిందట సరిగ్గా ఇదే ప్రశ్న నేను ఇంకొకళ్లని అడిగాను.

అప్పటికి నాకు 34 ఏళ్లు. డాలస్ దగ్గర ఉంటున్నాం. సొంత ట్రక్ తీసుకుని ఏడాది కూడా కాలేదు, నెలనెలా వాయిదా కట్టాలి. ఇక్కడ పెద్ద ట్రక్కులు నడిపేవాళ్లందరికీ డీఓటీ ఫిజికల్ అని ఒక మెడికల్ టెస్ట్ ఉంటుంది. మామూలుగా రెండేళ్లకోసారి చేయించుకోవాలి. కళ్లు, చెవులు, గుండె, మూత్రం, అన్నీ చూస్తారు. చాలామంది మూత్రం పరీక్ష అనగానే డ్రగ్స్ టెస్ట్ అనుకుంటారు. అది వేరే. ఇక్కడ మూత్రంలో ప్రోటీన్, షుగర్, రక్తం లాంటివి ఉన్నాయేమో చూస్తారు. వీటన్నిటిలో మన డ్రైవర్లు ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. చేతికి పట్టీ చుట్టి గాలి కొడతారు చూడండి, దానికి.

నాకు అప్పుడప్పుడు తలనొప్పి వచ్చేది. ట్రక్ స్టాప్‌లో మెషిన్ మీద ఒకసారి చూసుకుంటే 160 పైన చూపించింది. "మెషిన్ తేడా" అనుకుని వచ్చేశా. టెస్ట్ రెండు రోజులు ఉందనగా మళ్లీ గుర్తొచ్చి గుండె గుబులుమంది. తోటి డ్రైవర్లని అడిగితే తలా ఒకటి చెప్పారు. పచ్చి వెల్లుల్లి నమలమన్నారు. బీట్‌రూట్ జ్యూస్ అన్నారు. నిమ్మకాయ నీళ్లన్నారు. ఒకాయన తన బీపీ మాత్రలు రెండు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "పొద్దున్నే రెండూ వేసేసుకో, పాస్ అయిపోతావ్" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు. కానీ ఒకళ్ల మందు ఇంకొకళ్లు వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగొచ్చు. స్టీరింగ్ ముందు అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అదృష్టం బాగుండి భయమేసి నేను అవి వేసుకోలేదు.

వెల్లుల్లి మాత్రం తిన్నా. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే మత్తు పోవడానికి ఒక ఎనర్జీ డ్రింక్ తాగా. లేటవుతోందని పార్కింగ్ నుంచి పరుగెత్తుకుంటూ వెళ్లా. వెల్లుల్లి వాసనకి అక్కడున్న నర్స్ ఒక అడుగు వెనక్కి వేసింది. రీడింగ్ 168/104. పది నిమిషాలు ఆగి మళ్లీ చూశారు. 166/102.

ఇప్పుడు రూల్ ఏంటో చెప్తాను, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. 140/90 లోపు ఉండి, ఇంకే సమస్యా లేకపోతే రెండేళ్ల వరకు సర్టిఫికెట్ ఇస్తారు. పై నంబర్ 140 నుంచి 159, లేదా కింది నంబర్ 90 నుంచి 99 మధ్య ఉంటే ఒక ఏడాదికి ఇస్తారు. 160 నుంచి 179, లేదా 100 నుంచి 109 ఉంటే మూడు నెలలకే ఇస్తారు, అదీ ఒక్కసారే. ఆ మూడు నెలల్లో 140/90కి దించుకుని రావాలి. 180 గానీ 110 గానీ తాకితే, లేదా దాటితే, ఆ రోజు బండి దిగాల్సిందే. మందులతో తగ్గాక మళ్లీ వెళ్తే ఆరేసి నెలలకి ఇస్తారు. ఇవి ఎగ్జామినర్లకి ఇచ్చిన మార్గదర్శకాలు. మిగతా ఆరోగ్యం కూడా చూసి చివరి నిర్ణయం ఎగ్జామినరే తీసుకుంటారు.

అంటే నా చేతికి వచ్చింది మూడు నెలల కాగితం. బయటికొచ్చి ట్రక్‌లో కూర్చుని అమ్మకి ఫోన్ చేశా. విషయం చెప్పి, "మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలంటన్నారమ్మా, ముందు తిండి తగ్గించి చూస్తా" అన్నా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్న కూడా ఇట్టాగే అన్నాడు నాయనా" అంది.

మా నాన్న లారీ డ్రైవర్. విజయవాడ ఆటోనగర్ నుంచి నాగపూర్ వైపు లోడ్లు తోలేవాడు. తలనొప్పి వస్తే కిళ్లీ కొట్లో మాత్ర కొనుక్కుని వేసుకునేవాడు, పని సాగిపోయేది. లైసెన్స్ రెన్యువల్‌కి మన దగ్గర కూడా ఫారం 1ఏ అని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. నాన్నకి అది ప్రతిసారీ వచ్చేది. కానీ ఒక్కసారి కూడా ఎవరూ ఆయన చేతికి పట్టీ కట్టి బీపీ చూడలేదు. 51 ఏళ్లకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నయం ఏంటంటే ఆ రోజు ఇంట్లో ఉన్నాడు, హైవే మీద లేడు.

ఆ రోజు ట్రక్‌లో కూర్చుని నాకు అర్థమైంది ఇదే. నన్ను ఆపింది టెస్ట్ కాదు, నా బీపీ. మా నాన్నని ఆపాల్సిన రోజు ఎవరూ ఆపలేదు.

సరే, ఆ 90 రోజులు ఏం చేశానో చెప్తాను.

మొదటి పని, రెండో రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లా. టెస్ట్ చేసే ఎగ్జామినర్ సర్టిఫికెట్ ఇస్తారు గానీ వైద్యం చేయడం వాళ్ల పని కాదు. మన డాక్టర్ వేరే ఉండాలి. రక్త పరీక్ష, కిడ్నీ పరీక్ష, ఈసీజీ చేసి మందు మొదలుపెట్టారు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది కావాలనే చెప్పట్లేదు. మీరు అదే వెళ్లి కొనేస్తారు, నాకు తెలుసు. ఒకటి గుర్తుపెట్టుకోండి. బీపీ మందు పూర్తిగా పని చెయ్యడానికి వారాలు పడుతుంది. నాకు నాలుగు వారాల తర్వాత కూడా 146 దగ్గరే ఆగితే డాక్టర్ రెండో మందు కలిపారు. మూడు నెలలు ఇచ్చేది అందుకే. ఆఖరి వారంలో మొదలుపెడితే లాభం లేదు. కొన్ని మందులకి పొడి దగ్గు వస్తుంది, కొన్నిటికి పాదాలు వాస్తాయి. అలా అయితే డాక్టర్‌కి చెప్తే మారుస్తారు. మనంతట మనం ఆపెయ్యకూడదు.

ఇంకో అపోహ. మాత్ర వేసుకుంటే ఉద్యోగం పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. మందుతో బీపీ అదుపులో ఉండి, ఆ మందు వల్ల మత్తు, కళ్లు తిరగడం లేకపోతే నడపొచ్చు. కాకపోతే రెండేళ్లకి బదులు ఏడాదికోసారి టెస్ట్ చేయించుకోవాలి. అంతే తేడా.

రెండో పని, బీపీ మెషిన్ కొన్నా. మణికట్టుకి పెట్టుకునేది కాదు, భుజం కింద చేతికి చుట్టేది. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం తేడాతో చూసుకుని ఫోన్‌లో రాసుకున్నా. ఒక్క రీడింగ్ చూసి భయపడొద్దు, సంతోషపడొద్దు. వారం సగటు చూడండి.

మూడోది తిండి. ఇక్కడ అసలు దొంగ దొరికాడు. ఉప్పు. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ కంటే తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నేను ట్రక్‌లో ఏం తింటున్నా? ఇన్‌స్టంట్ నూడిల్స్, చిప్స్, ఎండబెట్టిన మాంసం ముక్కల ప్యాకెట్లు. ఒక్క నూడిల్స్ ప్యాకెట్ వెనక చూస్తే సోడియం 1500 మిల్లీగ్రాములకి పైనే ఉంది. రోజు మొత్తానికి 2000 దాటకూడదు! పైగా ఇంటి నుంచి ఆవకాయ, అప్పడాలు, కారప్పొడి. ఆవకాయ వదిలెయ్యమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. నేను చేసింది ఏంటంటే, జాడీ ట్రక్‌లో పెట్టుకోవడం మానేశా. ఇంటికెళ్లినప్పుడే, అదీ కొంచెం. బండిలోకి చిన్న రైస్ కుక్కర్ కొనుక్కుని అన్నం, పప్పు, కూరగాయలు ఒకేసారి పడేసి వండుకున్నా. పెరుగులో ఉప్పు వేసుకోవడం మానేశా. మొదటి వారం చప్పగా అనిపించింది. నెల తిరిగేసరికి బయట తిండే ఉప్పగా అనిపించింది.

నాలుగోది నడక. 8 గంటల డ్రైవింగ్ తర్వాత 30 నిమిషాల బ్రేక్ ఇక్కడ తప్పనిసరి. అంతకుముందు ఆ అరగంట ఫోన్‌లో రీల్స్ చూసేవాణ్ణి. ఇప్పుడు ట్రక్ చుట్టూ తిరుగుతా. ట్రైలర్‌తో కలిపి 70 అడుగులకి పైనే ఉంటుంది కాబట్టి ముప్ఫై చుట్లు తిరిగితే దాదాపు మైలు. వర్షమొస్తే ట్రక్ స్టాప్ లోపలే నడుస్తా. మూడు నెలల్లో 5 కిలోలు తగ్గా. మామూలుగా కిలోకి ఒక పాయింట్ చొప్పున బీపీ తగ్గుతుందని డాక్టర్లు చెప్తారు.

ఐదోది, గురక. మా ఆవిడ నా గురక వీడియో తీసి పంపింది. డాక్టర్‌కి చూపిస్తే నిద్ర పరీక్ష రాశారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య ఉంటే ఎన్ని మాత్రలు వేసినా బీపీ మొండికేస్తుంది, పగలు బండి మీద కునుకు కూడా వస్తుంది. నాకు లేదని తేలింది. నాతో లోడ్లు తోలే ఒక ఫ్రెండ్‌కి ఉందని తేలింది. రాత్రి మాస్క్ మెషిన్ పెట్టుకుని పడుకుంటున్నాడు, హాయిగా నడుపుకుంటున్నాడు.

ఇంకా, ఒళ్లు నొప్పులకి ఐబుప్రోఫెన్, జలుబుకి ముక్కు దిబ్బడ మాత్రలు, ఎనర్జీ డ్రింక్స్, ఇవి బీపీ పెంచుతాయి. డాక్టర్‌ని అడక్కుండా వద్దు. సిగరెట్, మందు సంగతి మీకే తెలుసు.

ఇక టెస్ట్ రోజు. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మీ మాత్ర రోజూ వేసుకునే టైమ్‌కే వేసుకోండి, డబుల్ వద్దు. మూత్రానికి వెళ్లి రండి, నిండుగా ఉంటే బీపీ పెరుగుతుంది. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా ఆధారం మీద ఉండాలి. చూసేటప్పుడు మాట్లాడకండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది, పెద్ద సైజు అడగండి. ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ చూడమని మర్యాదగా అడగొచ్చు. ఫారంలోనే రెండో రీడింగ్‌కి చోటుంది. ఇంట్లో రాసుకున్న రీడింగ్స్, డాక్టర్ లెటర్ తీసుకెళ్లండి. ఇవి మోసం కాదు, బీపీ సరిగ్గా చూసే పద్ధతే ఇది.

ఫారంలో బీపీ ఉందా అని అడుగుతారు. ఉంటే ఉందనే రాయండి. అబద్ధం రాస్తే సర్టిఫికెట్ చెల్లకుండా పోవచ్చు, జరిమానా కూడా పడొచ్చు. ఫెయిల్ అయినా సరే ఎగ్జామినర్ ఆ ఫలితాన్ని ఆన్‌లైన్ రిజిస్ట్రీలో ఎక్కించాల్సిందే. కాబట్టి దాచి ఇంకో చోటికి పరుగెత్తడం దండగ.

87వ రోజు నేను మళ్లీ వెళ్లా. 134/84. ఏడాదికి సర్టిఫికెట్ వచ్చింది. ఏడాది అంటే మొదటి టెస్ట్ తేదీ నుంచి లెక్క, అందుకే నాకు మిగిలింది తొమ్మిది నెలలే. అయినా ఆ కాగితం పట్టుకుని పార్కింగ్‌లో చాలాసేపు నిలబడ్డా. మాత్రలు ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నా. పాస్ అయ్యాం కదా అని ఆపేస్తే బీపీ మళ్లీ మొదటికొస్తుంది.

చివరగా ఒక మాట. ఇది చూసే వాళ్లలో ట్రక్ నడిపేవాళ్లు కొందరే. కానీ ఇంట్లో లారీయో, బస్సో, ఆటోనో, క్యాబో నడిపే నాన్న, బాబాయ్, అన్నయ్య చాలామందికి ఉంటారు. మన దగ్గర ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ ఉచితంగానే చూస్తారు. వాళ్లని బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లండి. బీపీ చాలామందికి ఏ లక్షణం లేకుండానే ఉంటుంది, తలనొప్పి వచ్చేదాకా ఆగొద్దు. బీపీ 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు లాగెయ్యడం ఉంటే అక్కడ 911కి, మన దగ్గర 108కి వెంటనే ఫోన్ చెయ్యాలి. అప్పుడు వెల్లుల్లి గిల్లుల్లి ఏమీ లేదు.

మా నాన్న ఇప్పుడు ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని ఈ వీడియోలన్నీ చూస్తాడు. నాన్నా, ఈ పూట మాత్ర వేసుకున్నావా?

మీ వాళ్ల బీపీ ఎంత వచ్చిందో చూపించాక కామెంట్‌లో ఒక్క మాట రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.