మన గ్రంథాలయము – శాస్త్రగ్రంథములు

(షోలాపూరునందలి తెలుగువారి గ్రంథాలయ వార్షికసభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇచటికి వచ్చుటకు ముందు మన గ్రంథాలయపు పద్దుపుస్తకమును తిరుగవేసి చూచితిని. నవలలు, భక్తిగ్రంథములు, పిల్లల కథలు చేతులు మాఱి మాఱి అట్టలు ఊడియున్నవి. అది సంతోషింపదగిన విషయమే; చదువబడిన పుస్తకమునకే గదా అట్ట ఊడును! కాని మూలనున్న రెండవ బీరువాలోని చరిత్రలు, శాస్త్రములు, విజ్ఞానసర్వస్వ సంపుటములు మాత్రము కొన్ననాటివలెనే యున్నవి. ఆ బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలిసికొనుటకే అరగంట పట్టినది. నేటి నా ప్రసంగము ఆ బీరువాను గూర్చియే.

“అయ్యా, పగలెల్ల మగ్గముకడనో, కార్ఖానాలోనో, దుకాణములోనో గడపువారము. శాస్త్రగ్రంథములు పండితులకు గాని మాకేల?” అని కొందఱు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పక తప్పదు.

మన పిల్లవాడు ఇంట తెలుగు మాటాడును. బడిలో లెక్కలు, చరిత్ర, భూగోళము మరాఠీలోనో ఆంగ్లములోనో చదువును. ఇందు తప్పులేదు. మనకు అన్నము పెట్టిన సీమ యొక్క భాషను నేర్వవలసినదే, గౌరవింపవలసినదే. కాని పదిపండ్రెండేండ్లు ఇట్లు గడచునప్పటికి ఆ బాలుని మనస్సున ఒక భావము కుదురుకొనును. తెలుగు అన్నమడుగుటకు, పెండ్లిపాటలకు, అలుగుటకు, ఓదార్చుటకు మాత్రమే. ఆలోచించుటకు కావలసినది వేఱొక భాష అని అతడు తలచును. ఈ భావము పాతుకొన్న యింట ముందు లిపి పోవును, పిమ్మట మాట పోవును. తెలుగులో గంభీరమైన విషయములుగూడ చదువవచ్చునని వాడు కన్నులార చూచిననే గాని ఈ భావము తొలగదు. శాస్త్రగ్రంథము మన యింట నుండవలసిన మొదటి కారణ మిదియే.

“తెలుగుదేశమునకు దూరముగ నున్న మనవలన ఏమగును?” అందురా? కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి జీవితమును చూడుడు. ఆయన 1877లో పెనుగంచిప్రోలున జన్మించినను, ఉన్నతవిద్య నభ్యసించినది నాగపురమున, అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింటనుండి. మరాఠీ ఆయనకు స్వభాషవంటి దయ్యెను. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. మహారాష్ట్రులు తమ చరిత్రను తాము పత్రములు వెదకి వ్రాసికొనుచున్న విధమును దగ్గఱనుండి చూచిరి. ఆ చూచినదానిని తెలుగువారికి తెచ్చియిచ్చిరి. తెలుగున శివాజీ చరిత్రమును రచించిరి. 1906లో మిత్రులతో గూడి హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి.

ఆ మండలి ప్రకటించిన తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి సంపుటము 1910లో వెలువడినది. కావ్యములకు పేరుపొందిన భాషలో చరిత్ర, ప్రకృతిశాస్త్రములు తేటయైన వచనమున, సామాన్యునకు అందు వెలకు రావలయునని వారి సంకల్పము. పరభాషాసీమలో పెరుగుట ఆయనకు కొఱత కాలేదు, పెట్టుబడి యయ్యెను.

అచ్చమాంబగారి మాటయు చెప్పవలసియున్నది. ఆమె బడికి పోలేదు. తమ్ముడు చదువుకొనుచుండగా తానును పక్కన కూర్చుండి నేర్చెను. అట్లు నేర్చిన విద్యతో భారతదేశ స్త్రీల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించెను. 1905లో, చిన్నవయస్సుననే, గతించెను. శాస్త్రగ్రంథము పట్టభద్రుల సొత్తు అనువారికి ఈమె జీవితమే సమాధానము.

లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని మూడు సంపుటములు వెలువరించిరి. ‘అ’కారము దాటకుండగనే 1923లో చెన్నపట్టణమున అస్తమించిరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల చేపట్టిరి. మరాఠీలో శ్రీధర వెంకటేశ కేత్కరుగారి జ్ఞానకోశమో, ఇరువదిమూడు సంపుటములుగ వెలసినది. ఇందువలన మనము నేర్వదగినది ఒకటి గలదు. గ్రంథమును ప్రారంభించుటకు ఒక మహనీయుడు చాలును. కొనసాగించుటకు కొని చదువు కుటుంబములు కావలయును.

ఇక ఆ బీరువాలో ఏమి యుండవలయును? మన జీవితమునకు నేరుగ సంబంధించిన నాలుగు విషయములను మాత్రము చెప్పెదను.

మొదటిది చరిత్ర. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారమును పొందినది ఆ గ్రంథమే. అందు రాజుల యుద్ధములకంటె జనుల తిండి, కట్టుబట్టలు, ఆటలు, వృత్తులు ప్రధానము. మగ్గమును వెంటబెట్టుకొని ఈ ఊరికి వచ్చిన తాతల మనుమలకు అది ఇంటి చరిత్రవలె నుండును.

రెండవది వార్ధక్యము. 2011 జనాభా లెక్కల ప్రకారము అరువదియేండ్లు నిండినవారు మన దేశమున పదికోట్లకు మించియుండిరి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణమునకై ఒక చట్టము వచ్చినది. పోషణము లేని తల్లిదండ్రులు న్యాయాధికరణమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము వచ్చిన పిమ్మట, తన్ను చూచుకొనవలెనను షరతుతో ఆస్తిని వ్రాసియిచ్చి, పుచ్చుకొన్నవారు చూడకపోయినచో, ఆ దానమును రద్దుపరపుమని కోరవచ్చును. అందుచే ఆ షరతును పత్రమునందే స్పష్టముగ వ్రాయించుకొనుట మేలు. ఈ సంగతి తెలియక ముందే వ్రేలిముద్ర వేసిన వృద్ధురాలికి ఎవరు బదులు చెప్పుదురు? తెలుగుమాత్రమే చదువనేర్చిన పెద్దలు మన వీధులలో నున్నారు. వారికి ఇట్టి గ్రంథము విలాసము గాదు, కైకఱ్ఱ.

వైద్యుడైన అతుల్ గవాండేగారు 2014లో ఆంగ్లమున వార్ధక్యమును గూర్చి ఒక గ్రంథము వ్రాసిరి. అందు ఆయన తన తాతగారిని స్మరించిరి. ఆ తాత మన మహారాష్ట్ర పల్లెలోనే నూఱేండ్లు దాటి, కుటుంబము నడుమ, గౌరవముతో జీవించెను. కాని అట్టి వార్ధక్యము ఇంటిలోని చిన్నవారి సేవపై ఆధారపడియున్నదనియు, వారికిని తమ బ్రదుకు కావలయుననియు ఆ గ్రంథకర్త మఱువలేదు. ఉమ్మడికుటుంబము పోయెనని వగచువారును, పోయినది మేలనువారును ఇరువురును చదువదగిన పుస్తకమది.

మూడవది విద్య. గుజరాతీ ఉపాధ్యాయుడు గిజుభాయి బధేకాగారి ‘దివాస్వప్నము’నకు తెలుగు అనువాదము గలదు. ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఒక సంవత్సరము తన కప్పగింపుమని కోరి, కథలతోను, ఆటలతోను, చిన్న గ్రంథాలయముతోను బోధించిన తీరు అందు వర్ణింపబడినది. ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. అధికరణము హక్కును చూపును. పిల్లవానికి అక్షరముపై ఆసక్తి కలిగించు ఉపాయమును గిజుభాయివంటివారు చూపుదురు. మనకు రెండును కావలయును.

నాలుగవది ప్రకృతి పరిరక్షణము. మన ఊరి భాషలో చెప్పవలెనన్న నీరు. వేసవిలో బిందెలు వరుసపెట్టి నిలుచు ఈ సీమవారికి దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. జ్యోతిరావు ఫులేగారు 1883 నాటికి పూర్తిచేసిన ‘శేత్కర్యాచా అసూడ్’ అను మరాఠీ గ్రంథమున, అడవిశాఖ పశువుల మేతబీళ్లను లాగికొనుటను ఖండించిరి. కొండవాలులనుండి జాఱు నీరు నేలలో ఇంకునట్లు కట్టలు వేయుమని సర్కారునకు సూచించిరి. తెలుగుసీమయందును ఇట్టి జ్ఞానము ప్రాచీనమే. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువుకడ 1369 నాటి సంస్కృత శిలాశాసన మొకటి గలదు. చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, తొలగింపవలసిన ఆఱు దోషములను అది పేర్కొన్నది. వేయిమంది కూలీలును, నూఱు బండ్లును, రెండేండ్లును పట్టిన పని యది. ఆ శాసనమును, ఫులేగారి గ్రంథమును ప్రక్కప్రక్కన నుంచి చదువగల భాగ్యము రెండుభాషలెఱిగిన మనకే గలదు.

“ఇవన్నియు మరాఠీలోనో ఆంగ్లములోనో చదివిన చాలదా?” అని యువకులు అడుగవచ్చును. చదువుడు, ఎన్ని భాషలలో చదివిన నంత మేలు. కాని చదివినదానిని మీ అవ్వకు చెప్పగలరా? చెప్పబోయి మాట దొరకక ఆగిపోయినచో, ఆ విద్య మీ గడపవఱకు వచ్చి లోనికి రానట్లే.

మాట దొరకదను బెంగ వలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు వృత్తిపదములను కోశములుగ కూర్చునపుడు, 1962లో వ్యవసాయపదముల సంపుటము వెలువడగా, 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేతకే కేటాయింపబడినది. పడుగు, పేక, ఆసు, అచ్చు, నాడె, కండె – మన యిండ్లలో తాతలనాటినుండి వాడుచున్న మాటలే ఆ శాస్త్రమునకు ముడిసరకు. పండితుడు మగ్గముకడకు వచ్చి మాటను వినిపోయెను. “మాకేల?” అని అడిగినవారికి నా చివరి సమాధాన మిది. శాస్త్రమునకు మీరు పరాయివారు కారు. అది మీ నోటిమాటతో నిర్మింపబడినది.

మూడు చిన్న కార్యములను మీ యెదుట పెట్టి ముగించెదను. మొదటిది, ఆ రెండవ బీరువా తాళము తీయవలెను. దాని చెవి అందఱకును తెలిసిన చోట నుండవలెను. రెండవది, ప్రతి ఆదివారము ఒక గంట గ్రంథపఠనము జరుగవలెను. తెలుగు మాటాడుట వచ్చి చదువుట రాని బాలురు కూడబలుకుకొనుచు చదువుదురు. చదువుట వచ్చినను చూపు మందగించిన పెద్దలు విని, తప్పులు దిద్దుదురు. ఒకరికి లిపి వచ్చును, మఱొకరికి పుస్తకము వినవచ్చును. మూడవది, మరాఠీలోనో ఆంగ్లములోనో ఒక మంచి శాస్త్రగ్రంథమును చదివినవారు దాని సారమును రెండుపుటలకు మించక తెలుగున వ్రాసి మన వారపత్రికకు పంపవలెను. భాష సొగసుగ లేకున్నను సరియే. విషయము నిజముగ నుండిన చాలును.

ఇందు దేనికిని చందా లక్కఱలేదు. మొదటి ఆదివారము సాంఘిక చరిత్రలోని ఒక ప్రకరణమును చదువుటకు నేను వచ్చెదను. మీరు మీ మనుమలను వెంటబెట్టుకొని రండు. రాబోవు వార్షికసభ నాటికి ఆ బీరువాలోని పుస్తకములకుగూడ అట్టలు ఊడియుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.