ఏకగ్రీవము కాని నిర్ణయము



ఎవరి జ్ఞాపకార్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దలు పల్లెబడి పంతులుగారు. మా గుడి కమిటీకి చిరకాలము కార్యదర్శి. నా బాల్యమున ఒకనాటి సాయంకాలము, గుడి వెనుకనున్న చింతచెట్టును కొట్టించి పైకప్పునకు దూలములు చేయింపవలెనను తీర్మానము వచ్చినది. అందఱును సరేయని లేచిపోవుచుండగా, గడపకడ కూర్చున్న ఒక ముసలమ్మ చేయి యెత్తి, “చెట్టు కొట్టడం నాకిష్టం లేదు పంతులుగారూ, నా మాట కూడా రాయండి” అన్నది. ఆయన అప్పటికే వ్రాసియున్న “ఏకగ్రీవముగా” అను మాటను కొట్టివేసి, ఆమె పేరును, అభ్యంతరమును మినిట్సు పుస్తకములో చేర్చి, పైకి చదివి వినిపించి, ఆమెచేత వేలిముద్ర వేయించుకొనిరి. చెట్టు మాత్రము ఆగలేదు. ఆ దూలములకు కొన్నేండ్లకే పురుగు పట్టినదనుట వేఱు సంగతి.

నేఁడు నేను ప్రస్తావింపనున్నది అంతకంటె మిక్కిలి పెద్ద సభ. కాని అందును నన్నాకర్షించినది ఆ వేలిముద్ర వంటిదే. 1814లో కలకత్తా బిషప్పు పీఠము ఏర్పడినది మొదలు నూఱేండ్లకు పైగా ఈ దేశమందలి ఆంగ్లికన్ సంఘము చట్టరీత్యా ఇంగ్లండు సంఘమునకు శాఖయై, పటాలముల చర్చిలకును, పల్లెలలోని తాటియాకుల ప్రార్థనామందిరములకును ఒకే దొరతనపు గొడుగు పట్టి నిలిచినది. 1927లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి 1930 మార్చి 1వ తేదీన ఆ బంధము తెగి, ఇండియా, బర్మా, సిలోనుల సంఘము స్వపరిపాలన పొందెను. దాని యత్యున్నతసభయగు జనరల్ కౌన్సిలునందు బిషప్పుల కొక సభ, గురువుల కొక సభ, సామాన్య విశ్వాసుల కొక సభ యేర్పడినవి. దేశమునకు స్వరాజ్యము రాకమునుపే, పరిమితార్థముననైనను, ఒక స్వరాజ్యసభ ఈ గడ్డమీఁద గూడినదని నేననుటలో అతిశయోక్తి లేదు.

ఆ సభ యెదుటికి వచ్చిన సమస్యలలో దక్షిణాది సంఘముల ఐక్యతను మించినది లేదు. దానికి బీజము 1919 మే నెలలో తరంగంబాడిలో పడినది. 1706లో మిషనరీ జీగెన్‌బాల్గు అడుగుపెట్టిన ఆ రేవుపట్టణమున 33 మంది గూడి, అందధికులు భారతీయులే, పాశ్చాత్యుల పూర్వకలహములనుండి పుట్టిన విభేదములను మనమేల మోయవలెనని ప్రశ్నించిరి. వారిలో అగ్రగణ్యుఁడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి మండలమున వెల్లాలన్‌విళైలో 1874లో జన్మించి, తమిళుఁడై తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుఁడై, నైజాము రాజ్యములోని డోర్నకల్లును పీఠముగా చేసికొన్న ఆ మహనీయుఁడు 1939లో ప్రతిష్ఠింపఁజేసిన దేవాలయమును చూచితిరా? హిందూ మండపస్తంభములును మహమ్మదీయ కట్టడముల గుమ్మటములును ఒకే కప్పు క్రింద సిలువను కొలుచుచున్నవి. నా మట్టుకు నాకు ఆయన ఐక్యవాదమునకు ఆ కట్టడమే చక్కని వ్యాఖ్యానము.

వాదమంతయు ఒక్క చేతిచుట్టు తిరిగినది. బిషప్పు హస్తనిక్షేపణము లేనివాఁడు ప్రభు సంస్కారము నాచరింపవచ్చునా? ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు, మెథడిస్టు సంఘముల గురువులు అట్టి అభిషేకము పొందినవారు కారు. వారికి మరల అభిషేకము చేయుద మన్నచో, ఇంతకాలము వారు చేసిన పరిచర్య వ్యర్థమన్నట్లగును. చేయకున్నచో, అపొస్తలులనుండి వచ్చినదని తాము నమ్మెడు పరంపరయే తెగునని ఆంగ్లికనులలో కొందఱు నిజముగనే వ్యథపడిరి. ఈ రెండవపక్షమువారిని మూర్ఖులనుట ఐక్యవాదులలో పరిపాటి యయ్యెను, నేనట్లనఁజాలను. తుదకు కుదిరిన మార్గమిది: ఐక్యమునకు పిమ్మట అభిషేకములన్నియు బిషప్పుల చేతుల మీఁదుగనే జరుగును, పాతగురువులు యథాతథముగా నుందురు, 30 ఏండ్లు గడచిన పిమ్మట మిగిలిన చిక్కును సంఘమే విచారించుకొనును. ఆ పైన నొక ప్రతిజ్ఞ: అధిక సంఖ్యాకుల బలముచేతఁగాని, అధికారముచేతఁగాని, ఏ స్థానికసంఘపు మనస్సాక్షిని త్రొక్కి దాని చిరాచారమునకు విరుద్ధమైన పరిచర్యను దానిపై రుద్దరాదు.

ఏకగ్రీవమనఁగా ఒకే మెడ. పెక్కుమందికి ఒకే మెడ గలుగుట సౌకర్యమే కాని, ఉరి బిగించువానికిఁ గూడ అది సౌకర్యమే. ఈ కౌన్సిలు అట్టి సౌకర్యము కోరలేదు. 1945 జనవరి 1న అజరయ్యగారు డోర్నకల్లులో కన్నుమూసిరి. ఆ నెలలోనే కౌన్సిలు, అభ్యంతరములు వినఁబడుచుండఁగనే, తన దక్షిణాది అధ్యక్షమండలములు నాలుగును ఐక్యమున చేరుటకు తుది యనుమతి నిచ్చెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథెడ్రలులో దక్షిణ ఇండియా సంఘము వెలసినప్పుడు ఆయన లేని లోటును తలఁచుకొనని తెలుగువాఁ డుండఁడు.

కాని డోర్నకల్లు అధ్యక్షమండలములోనిదే యైన నంద్యాల ప్రాంతమున అనేక సంఘములు ఆ దినమున సంతోషింపలేదు. వారు తరతరములుగా తమ కలవడిన ఆరాధనను, తమ కర్థమైన అభిషేకమును విడువమని ఐక్యమునకు వెలుపల నిలిచి, ఇరువదియేండ్లకు పైగా కలకత్తా పీఠమువైపే చూచుచుండిరి. ఒకే ఊరిలో వీరికొక గుడి, వారికొక గుడి. పెండ్లికి పిలుపులలో సందిగ్ధము, సమాధిభూమికి తగవులు. ఐక్యముకొఱకు జరిగిన ఉద్యమము తెలుగునేలపై ఒక క్రొత్తచీలికను మిగిల్చినదని ఎత్తిపొడిచినవారు లేకపోలేదు.

నేను మాత్రము ఆ నంద్యాలవారిని తలఁచినప్పుడెల్ల, దీపపుబుడ్డి వెలుతురున పంతులుగారు అడ్డగీత గీసిన పుటయు, దాని క్రింద సిరా అలికినట్లు పడిన ఆ ముసలమ్మ బొటనవ్రేలి ముద్రయు నా కన్నులఁ గట్టును.