హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు – ఒక గుమాస్తా జ్ఞాపకాలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఉద్యోగులు – క్రీడలు’ అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడేవారు నా తర్వాత ముగ్గురున్నారు. భోజనాల ముందు మిమ్మల్ని కాస్త తేలికపరచడానికి నన్ను ముందు నిలబెట్టినట్టున్నారు. నేను ఆటగాణ్ణి కాను. జీవితంలో ఒక్కసారి బంతి తన్నాను, అది మురికి కాలువలో పడింది. అయినా ఒక జట్టు గురించి నాకు చెప్పాలని ఉంది. ఎందుకంటే ఆ జట్టులో ఆడినవారు మనలాగే నెల జీతం మీద బ్రతికిన ప్రభుత్వ ఉద్యోగులు.

మా నాన్నగారు గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయినప్పుడు గుడారాలలో ఆఫీసులు నడిచాయని మీలో పెద్దలకు తెలుసు. అలాంటి గుడారంలోనే ఆయన కూర్చుని డ్రాఫ్టులు రాశారు. గాలివాన వస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళ మీద తాము కూర్చునేవారమని నవ్వుతూ చెప్పేవారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్ళతోపాటు మా నాన్నగారూ, ఆయనతోపాటు మేమూ పోయాము. అప్పుడు నాకు ఏడేళ్ళు.

కొత్త ఊరు, కొత్త భాష. కర్నూలు వాళ్ళకు తురకం కొత్త కాదు కాని, హైదరాబాదు ఉర్దూ ముందు మన కర్నూలు ఉర్దూ నోరు విప్పలేకపోయింది. ఆఫీసులో పాతవారు ఒకవైపు, కర్నూలు నుంచి వచ్చినవారు ఒకవైపు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్లు కూడా వేరువేరుగా విప్పేవారట. నాన్నగారికి మొదటి ఆరు నెలలు మాట్లాడే మనిషి లేడు. ఒకరోజు పక్క సీటులోని పాత బస్తీ గుమాస్తా ఒకాయన, “రావుసాబ్, సాయంత్రం ఫతేమైదాన్‌కు రండి, మా పోలీసు జట్టును చూద్దురు” అని పిలిచారట. అప్పటి నుంచి ఆ ఇద్దరూ ఒకే క్యారియరు విప్పారు. నన్ను కూడా వెంట తీసుకుపోయేవారు. నాకు గుర్తున్నది ముందు వరసలోని పెద్దవాళ్ళ వీపులు, వేయించిన వేరుశనగకాయల పొట్లం, గోలు పడ్డప్పుడు నన్ను ఎత్తి భుజాల మీద పెట్టుకున్న ఆ పాత బస్తీ ఆయన అత్తరు వాసన. ఆట సంగతి తర్వాత తెలుసుకున్నదే.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1930ల చివరి ఏళ్ళలో, నిజాం కాలంలోనే తయారైంది. మంచి ఆటగాడు కనిపిస్తే పోలీసు ఉద్యోగంలోకి తీసుకోవడం, పొద్దున, సాయంత్రం ఆడించడం – ఇదీ ఏర్పాటు. కలకత్తాలో పెద్ద పెద్ద క్లబ్బులున్నాయి. వాటి వెనుక అభిమానులున్నారు, ధనవంతులున్నారు. హైదరాబాదు జట్టు వెనుక ఉన్నది ఒక డిపార్టుమెంటు, జీతాల రిజిస్టరు, శివకుమార్ లాల్ వంటి ఆట తెలిసిన పోలీసు అధికారి, ఇంకా ఒక బడిపంతులు.

ఆ బడిపంతులే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. రహీమ్ సాబ్ అనేవారు అందరూ. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, పాఠశాలల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, 1940ల నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. పోలీసు జట్టుకు ఆయనే గురువు. ఆయన పద్ధతులు వింటే మంచి లెక్కల మాస్టారు గుర్తుకొస్తారు. కుడికాలి వాటం ఉన్నవాళ్ళందరినీ ఎడమకాలితో మాత్రమే ఆడాలని పందెం పెట్టేవారట. బంతిని కాళ్ళ దగ్గర ఆడించుకుంటూ ఒంటరిగా పరుగెత్తడం నిషేధించి, వచ్చిన బంతి వచ్చినట్టే పక్కవానికి అందించాలని పోటీలు నడిపేవారట. ఎవరి గొప్ప వారు చూపించుకునే ఆటను అలా పదకొండుమంది ఆటగా మార్చారు. 1958లో బ్రెజిల్ 4-2-4 అనే పద్ధతితో వరల్డ్ కప్పు గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిస్తే, దాన్ని రహీమ్ సాబ్ అంతకు ముందే మన మైదానాలలో ఆడించారని ఆట తెలిసినవారు అంటారు.

ఇక గెలుపుల జాబితా. లెక్కలు రాసిన చెయ్యి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు – ఈ రెండూ తెల్లదొరల సైన్యం కోసం 1880ల, 90ల నాడు మొదలైన పందేలు. రోవర్స్ కప్పును మన పోలీసులు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు గెలిచారు. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. మళ్ళీ 1954లో, 1957లో డ్యూరాండ్ గెలిచారు. 1957లో రోవర్స్ కూడా వారిదే. 1959లో హైదరాబాదు, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘాలు ఒకటైన తర్వాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి రోవర్స్, 1963లో మళ్ళీ రోవర్స్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా 1956, 1957 పోటీలలో హైదరాబాదుదే.

మరి దేశం మాట? 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన దేశం బంగారు పతకం తెచ్చుకుంది. శిక్షకుడు రహీమ్ సాబే. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. అప్పుడూ శిక్షకుడు ఆయనే. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు, 1956లో మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ దాకా పోయి నాలుగో స్థానం సంపాదించారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ – ఆ జట్టులోని హైదరాబాదు వాళ్ళలో కొందరు వీరు. నాలుగో స్థానం అంటే ఓడినట్టే కదా అని ఇంట్లో మా మనవడు అన్నాడు. ఆ తర్వాత మన దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్లో అంత దూరం మళ్ళీ పోలేదని చెప్పాను.

ఆ మెల్బోర్న్ జట్టులోనే సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. రోజూ హైదరాబాదు వచ్చి ఆడడానికి డబ్బు లేదంటే రహీమ్ సాబ్ అద్దె సైకిలుకని రూపాయి ఇచ్చారని ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ రూపాయికి ఏ సాంక్షన్ ఆర్డరూ లేదు, వోచరూ లేదు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయి దేశంలోకెల్లా పేరున్న ఆటగాళ్ళలో ఒకడయ్యాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

1962 సెప్టెంబరులో జకార్తా. ఆ వేళకు రహీమ్ సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. స్టేడియం నిండా జనం, రాజకీయ కారణాల వల్ల ఆ జనమంతా మనకు వ్యతిరేకం. గోల్‌కీపరు తంగరాజుకు జ్వరం, జర్నైల్ సింగ్ తల మీద కుట్లు. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మన పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఒకరు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయారు. వయసు 53. ఆ సాయంత్రం నాన్నగారు ఇంటికి వచ్చి భోజనం చేయలేదు. “మీకేమవుతాడు ఆయన?” అని అమ్మ అడిగితే, “ఈ ఊళ్ళో నాకు అన్నం తినే తోడు దొరికింది ఆయన వల్లనే” అన్నారు. ఆ సంవత్సరమే జట్టు రోవర్స్ గెలిచింది. తర్వాత ఆ రెండు కప్పులలో ఏదీ మళ్ళీ పోలీసు జట్టుకు రాలేదు.

ఎందుకు రాలేదు అంటే కలకత్తా డబ్బు అంటారు. నిజమే. 1966లో హబీబ్, నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. కానిస్టేబుల్ జీతం ఎక్కడ, ఆ క్లబ్బులు ఇచ్చేదెక్కడ? వారిని తప్పుపట్టలేము. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో నయీముద్దీన్ నాయకత్వంలోనే కాంస్యం వచ్చింది, ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఏ పతకమూ లేదు. అయితే డబ్బు ఒక్కటే కారణమని నేననుకోను. డిపార్టుమెంటులో జట్టు బ్రతకాలంటే పై అధికారి ఇష్టపడితే చాలదు. కింద ఫైలు పెట్టే గుమాస్తా కూడా ఇష్టపడాలి. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

1980ల మొదట్లో నేను కడప వైపు ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ ఆఫీసో అడగకండి. అక్కడ ఒక అటెండరు కుర్రవాడు ఉండేవాడు. జిల్లా జట్టులో ఎడమవైపు ఆడేవాడు, బాగా ఆడేవాడని విన్నాను. రాష్ట్ర పోటీలకు ఎంపికై స్పెషల్ క్యాజువల్ లీవుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ సీటు నాది. అర్జీకి ఎంపిక పత్రం నకలు ఉంది, అసలు లేదు. “అసలు పత్రం జతపరచనందున తగు చర్యకై వాపసు” అని నోటు రాశాను. రూలు ప్రకారం అక్షరం తప్పు లేదు. పై అధికారి దాని కిందే సంతకం చేశారు. అసలు పత్రం తెచ్చి, ఫైలు మళ్ళీ కదిలి, ఉత్తర్వు చేతికి వచ్చేసరికి పోటీలు ముగిసి నాలుగు రోజులైంది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే నా టేబుల్ మీద మంచినీళ్ళు పెట్టిపోయాడు. మరుసటి సంవత్సరం అర్జీ రాలేదు. ఆడడం మానేశాడని ఎవరో చెప్పారు. ఫతేమైదాన్‌లో భుజాల మీద కూర్చుని పెరిగినవాణ్ణి నేను. ఆ నకలు మీదే ఉత్తర్వు వేయించి, అసలు తర్వాత తెప్పించి ఉండవచ్చు. అలాంటివి ఎన్ని చేయలేదు మనం, కావలసినవాళ్ళ విషయంలో!

అతనూ రిటైరయ్యాడు. ఒకరోజు లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్ర పడడం లేదని సాయం కోసం నా దగ్గరికి వచ్చాడు. పని అయిన తర్వాత ఆ ఫైలు సంగతి ఎత్తబోయాను. అతను ఫోనులో మనవడి ఫోటో తీసి చూపించాడు. పిల్లవాడి ఒంటి మీద ఏదో విదేశీ క్లబ్బు బనీను ఉంది. నేను ఊరుకున్నాను.

విదేశీ క్లబ్బు అంటే గుర్తొచ్చింది. 2019లో హైదరాబాదుకు కూడా వ్యాపారస్థుల సొమ్ముతో హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త జట్టు వచ్చింది. 2022 మార్చిలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. కూడా గెలిచింది. ఆ రాత్రి టీవీ ముందు నేను, మా ఆవిడ కేకలు పెడితే పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆటగాళ్ళకు జీతాలు అందక జట్టు చెల్లాచెదురైంది. 2025లో యజమానులు దాన్ని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చారు. 1956లో మేము కర్నూలు నుంచి హైదరాబాదు పోయినప్పుడు కనీసం ఫైళ్ళతోపాటు మా పేర్లు, సర్వీసు రిజిస్టర్లు వెంట వచ్చాయి. పోలీసు జట్టు కప్పులు గెలిచినా, ఓడినా వారికి ఒకటో తారీఖున జీతం వచ్చేది, చివరికి పెన్షనూ వచ్చేది. పొట్ట నిండుగా ఉన్నవాడు నిశ్చింతగా ఆడతాడని నా అభిప్రాయం. పొట్ట మరీ నిండితే ఆడడు, అది వేరే సంగతి.

2024లో రహీమ్ సాబ్ మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చింది. మా మనవడు తీసుకుపోయాడు. బాగుంది. నాకు మాత్రం పోలీసు జట్టును ఇంకొంచెం చూపించి ఉంటే బాగుండు అనిపించింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి ముగిస్తాను. నాన్నగారు ఇంగ్లీషు పేపర్ల నుంచి కత్తిరించి అట్ట పుస్తకంలో అంటించిన పోలీసు జట్టు ఫోటోలు మా ఇంట్లో ఉండేవి. 2009 అక్టోబరులో తుంగభద్ర మన కర్నూలు మీదికి వచ్చినప్పుడు బీరువాతో సహా నీళ్ళలో నానిపోయాయి. ఆరబెడితే బురద పెళ్ళలు మిగిలాయి. మీలో ఎవరి అటక మీదైనా, ఎవరి తండ్రిగారి ట్రంకు పెట్టెలోనైనా 1950ల, 60ల నాటి అలాంటి ఫోటోలు, కత్తిరింపులు ఉంటే వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. అసలు అక్కరలేదు. నకలు తెచ్చినా తీసుకుంటాను.