అమెరికా పింఛను - అంగడి పద్దులు



మన పల్లెలనుండి అమెరికాకు పోయి స్థిరపడినవారిలో కొందరు నేడు వృద్ధాప్యమునకు చేరుచున్నారు. నా పినతండ్రి కుమారుడు అచ్చట పిండివంటలమ్ము చిన్న అంగడి నడుపుచున్నాడు. 2024లో 62 ఏండ్లు నిండగానే సోషల్ సెక్యూరిటీ పింఛను పుచ్చుకొనసాగెను. మరుసటి యేడు నాకు జాబు వ్రాసెను. అంగడి సాగించినచో పింఛను పోవునట. కావున మూసివేయ నిశ్చయించెనట. తొందరపడక ముందు పద్దులు పంపుమని బదులు వ్రాసితిని.

అచ్చటి కట్టుబాటు వినుడు. 1960లోను, ఆ తరువాతను పుట్టినవారికి పూర్తి పింఛను 67వ యేట వచ్చును. 62వ యేటనే పుచ్చుకొన్నచో నూరు డాలర్లకు డెబ్బదియే ముట్టును. అట్లు పుచ్చుకొనుచు సంపాదించువారికి ఒక హద్దు కలదు. 2025లో అది 23,400 డాలర్లు. హద్దు దాటిన ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు చొప్పున పింఛను నిలుపుదురు.

మా తమ్ముని అమ్మకము ఏడాదికి 60,000 డాలర్లు. హద్దుకు మించినది 36,600. అందు సగము 18,300. పింఛనంతయు అందులో మునుగునని అతడు బెదరెను. కాని స్వంత వ్యాపారము చేయువారికి లెక్కకు వచ్చునది అమ్మకము గాదు, నికరలాభము. పిండి, నేయి, అంగడి అద్దె, విద్యుత్తు, సరకు తెచ్చిన బండి ఖర్చు కలిపి 34,000 తేలెను. మిగిలినది 26,000. హద్దుకు మించినది 2,600. నిలుచునది 1,300 మాత్రమే! కళ్లమందలి ధాన్యమంతయు లాభమని ఏ రైతు తలచును? విత్తనము, ఎరువు, కూలి తీసియే కదా చూచుకొనును.

ఇందొక మెలిక కలదు. తన ఆరోగ్యభీమాకు కట్టిన సొమ్ము ఆదాయపు పన్నులో తగ్గింపునకు వచ్చునుగాని, ఈ హద్దు లెక్కలో తగ్గదు. ఇంటి ఖర్చును అంగడి ఖర్చుగా వ్రాయరాదు. లేని ఖర్చు చూపుట నేరము. పైగా లాభము తక్కువగా నమోదైనచో మున్ముందు పింఛనుకే కొరత కలుగవచ్చును.

నిలిపిన సొమ్ము బొత్తిగా పోయినట్లు కాదు. 67 నిండినపుడు, పింఛను నిలిచిన నెలలను గణించి నెలసరి మొత్తమును పెంచుదురు. ఆపై ఎంత సంపాదించినను హద్దు లేదు.

తమ్ముని అంగడి నేటికిని తెరచియే యున్నది. మీ వారెవరైన అట్టి తొందరలో నున్నచో, నేడే ఒక మాట వ్రాయుడు: తలుపు మూయుటకు ముందు చిట్టా తెరువుమని, రసీదులు దాచుమని, అచ్చటి లెక్కలు తెలిసినవాని నడుగుమని.

సెలవు.