యజమానికి సెలవు ఎవరిస్తారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్యనే బతుకుతున్నాను. నన్ను మాట్లాడమన్నప్పుడు కరెంటు గురించి చెబుతాననుకుని ఉంటారు. కాని మన సంఘం సభ్యుల జాబితా చూస్తుంటే నాకు వేరే విషయం తోచింది. మనలో ఉద్యోగస్తులు ఎంతమంది ఉన్నారో, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళూ ఇంచుమించు అంతమంది ఉన్నారు. కిరాణా, ఎరువులు, మందుల షాపు, బట్టల కొట్టు, రైస్ మిల్లు, లారీ, టిఫిన్ హోటల్. ఉద్యోగం చేసేవాళ్ళకు ఆదివారం ఉంది, పండగ సెలవుంది, రిటైర్మెంటు ఉంది. వీళ్ళకు ఏముంది? ఈ పూట వాళ్ళతోనే మాట్లాడతాను.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటకొచ్చింది. దేశమంతా గగ్గోలు పెట్టింది. మన గజపతినగరం మెయిన్ రోడ్డు మీద మాత్రం ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎందుకంటే ఉదయం 6 గంటలకు షట్టర్ ఎత్తి, రాత్రి 10కి దించేవాడికి రోజుకు 16 గంటలు. వారానికి ఏడు రోజులూ లెక్కేస్తే 112. ఆ పెద్దలిద్దరినీ మనవాళ్ళు ఎప్పుడో దాటేశారు!

నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఇక అసలు లెక్క చూద్దాం. 112 గంటలు కష్టపడితే 112 గంటల ఫలితం వస్తోందా?

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికులు ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత సరుకు తీశారో రాసి ఉంచారు. ఆ పాత లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్ళీ తిరగేసి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వారానికి సుమారు 49 గంటల వరకు గంటలు పెరిగిన కొద్దీ పనీ అదే లెక్కన పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల తగ్గుతూ పోయింది. 70 గంటలు పనిచేసినవాళ్ళు తీసిన సరుకుకూ, 56 గంటలు పనిచేసినవాళ్ళు తీసిన సరుకుకూ పెద్ద తేడా లేదు. అంటే ఆ పైన 14 గంటలు మనిషి అరిగిపోయాడు గాని పని పెరగలేదు. వారంలో ఒక రోజైనా సెలవు లేకపోతే మొత్తం ఉత్పత్తే దెబ్బతింటుందని కూడా అందులో తేలింది.

కొట్టు నడపడం వేరు, ఫ్యాక్టరీలో గుళ్ళు చెయ్యడం వేరు అనొచ్చు. నిజమే. గల్లా పెట్టె ముందు కూర్చున్నవాడు బరువులు ఎత్తడు. కాని లెక్క చూస్తాడు, అప్పు ఎవరికివ్వాలో తేల్చుకుంటాడు, సరుకు ఎంత తెప్పించాలో నిర్ణయిస్తాడు. అది బుర్రతో చేసే పని. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 17 గంటలు నిద్రలేకుండా ఉన్న మనుషులను పరీక్షించారు. వాళ్ళ చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 0.03 శాతం దాటితేనే బండి నడపకూడదు. ఉదయం 5కి లేచినవాడికి రాత్రి 10కి సరిగ్గా 17 గంటలు. చుక్క తాగకపోయినా, ఆ స్థితిలో రోజు లెక్క కడతాడు. ఆ స్థితిలోనే సాలూరు రోడ్డు మీద లారీల మధ్య మోటారు సైకిల్ నడుపుకుంటూ ఇంటికి పోతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మన 112 ఎక్కడ, ఆ 55 ఎక్కడ?

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. పేరు చెప్పను గాని, చెప్పమని వాడే అనుమతిచ్చాడు. ఇరవై ఐదేళ్ళు కొట్టు మూయలేదని గొప్పగా చెప్పుకునేవాడు. యాభై దాటిన కొత్తలో పక్షవాతం వచ్చింది. నెలల తరబడి కొట్టు మూతపడింది. అసలు నష్టం ఆ నెలల అమ్మకం కాదు. ఏ ఊళ్ళో ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఏ డీలరుకు ఎంత కట్టాలో అంతా వాడి బుర్రలోనే ఉంది. నోరు తిరగని మనిషిని ఏమని అడుగుతారు? సగం బాకీలు వసూలే కాలేదు. ఇప్పుడు వాడు కోలుకున్నాడు. వాళ్ళావిడ, వాడు కలిసి కూర్చుంటున్నారు. ఖాతాలన్నీ పుస్తకంలో ఉన్నాయి. రాత్రి 8కి షట్టర్ దించేస్తున్నారు. "కొట్టు నాది అనుకున్నాన్రా, నేనే కొట్టుకి కట్టేసి ఉన్నాను" అన్నాడు మొన్న.

ఇక్కడ నా వృత్తి సంగతి కొంచెం చెప్పనివ్వండి. ప్రతి మోటారుకీ ఒక నేమ్‌ప్లేట్ ఉంటుంది. దాని మీద డ్యూటీ అని రాసి ఉంటుంది. ఎస్-1 అంటే ఆగకుండా తిరిగే మోటారు. క్రేనుకు వాడేవి సాధారణంగా ఎస్-3 రకం. ఎస్-3, 40 శాతం అని ఉంటే 10 నిమిషాల్లో 4 నిమిషాలు బరువు లాగుతుంది, మిగతా 6 నిమిషాలు చల్లారుతుంది. ఆ 6 నిమిషాలు సోమరితనం కింద ఎవరూ రాయరు. అవి డిజైన్‌లో భాగం. అవి తీసేస్తే వైండింగ్ వేడెక్కి ఇన్సులేషన్ పాడవుతుంది. ఇన్సులేషన్ వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని మాకో మోటు లెక్క. పైకి మోటారు బాగానే తిరుగుతుంటుంది. కాలిపోయే రోజు వరకు ఎవరికీ తెలియదు. మనిషి ఎస్-3 రకం. తనను తాను ఎస్-1 అనుకుని నడిపించుకుంటే జరిగేది అదే.

మరి సెలవిస్తే వ్యాపారం పోదా? గుంటూరు మిర్చి యార్డు చూడండి. దేశంలోనే పేరున్న మార్కెట్. ఏటా ఎండలు ముదిరాక మే నెలలో మొదలుపెట్టి కొన్ని వారాలపాటు వేసవి సెలవులు ఇస్తారు. రైతులు ఆ తేదీలను బట్టి సరుకు తెస్తారు, మిగిలింది శీతల గిడ్డంగుల్లో ఉంటుంది. సెలవయ్యాక యార్డు మళ్ళీ కళకళలాడుతుంది. ముందుగా చెప్పిన సెలవుకు ఖాతాదారుడు సర్దుకుంటాడు. చెప్పకుండా మూతపడిన కొట్టుకే వెనక్కి రాడు. మంచంపడితే వచ్చేది ఆ రెండో రకం మూత.

మన పెద్దలకూ ఈ సంగతి తెలుసు. కనుమనాడు కాకైనా కదలదన్నారు. ఏడాదంతా దున్నిన ఎద్దుకు ఆ రోజు కాడి కట్టరు, కడిగి, కొమ్ములకు రంగులేసి పూజిస్తారు. ఎద్దుకిచ్చిన గౌరవం యజమాని తనకు తాను ఇచ్చుకోవడం లేదు. కార్మికుడికైతే 1948లోనే ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, ఒక సెలవు అని రాసిపెట్టింది. యజమానికి ఆ హద్దు ఎవరూ గీయరు. తనే గీసుకోవాలి.

అందుకు నాకు తోచిన నాలుగు పనులు చెబుతాను. ఒకటి, ఒక నెలపాటు ఏ గంటలో ఎంత అమ్మకమయిందో పుస్తకంలో రాయండి. ఆ చివరి గంట వచ్చిన లాభం కరెంటు ఖర్చుకైనా సరిపోతోందా అన్నది మీ అంకెలే చెబుతాయి. రెండు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. ధరలు, బాకీలు, డీలర్ల నంబర్లు కాగితం మీద పెట్టి ఇంట్లో ఒకరికి నేర్పండి. మీరు లేకుండా కొట్టు ఒక రోజు నడిస్తే అది వ్యాపారం. నడవకపోతే అది జీతం లేని ఉద్యోగం. మూడు, పెళ్ళిళ్ళ సీజను, సంక్రాంతి రోజుల్లో ఎంతైనా కష్టపడండి, అన్‌సీజనులో ఆ బాకీ ఒంటికి తీర్చేయండి. నాలుగు, ఏడాదికోసారి స్టాకు లెక్క చూసుకున్నట్టే బీపీ, షుగరు చూపించుకోండి.

ఏ రోజు సంపాదన ఆ రోజుకే సరిపోయే తోపుడుబండి తమ్ముడికి ఇవన్నీ కుదరవని నాకు తెలుసు. అతనికి మధ్యాహ్నం ఒక గంట నడుము వాల్చడమే పెద్ద సెలవు. అదైనా వదులుకోవద్దు.

అందరికీ ఉన్న అసలు భయం ఒకటే. "నేను మూస్తే పక్కవాడు తీసి ఉంచుతాడు." ఆ భయం ఒక్కరు ధైర్యం చేస్తే పోదు. నలుగురూ ఒప్పుకుంటేనే పోతుంది. లోఖండే నాయకత్వంలో కార్మికులు కొన్నేళ్ళు పోరాడాక, 1890 జూన్‌లో బొంబాయి మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఒక మిల్లు ఒప్పుకుంటే సరిపోయేది కాదు, సంఘమంతా ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ కార్మికులు యజమానులను అడిగారు. ఇక్కడ అడగాల్సినవాడూ ఇవ్వాల్సినవాడూ మీరే. పైగా ఒకే వీధిలో ఎదురెదురు కొట్లున్నవాళ్ళు ఇదే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అరవై ఏళ్ళ వయసులో ఒకరినొకరు ఆసుపత్రిలో పలకరించుకునే బదులు, ఈ రోజు భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. రాత్రి ఎన్నింటికి మూద్దాం, వారంలో ఏ పూట సెలవిద్దాం అని తేల్చుకోండి. మన సంఘం యాభై ఏళ్ళు నిలిచింది. దాని సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకునే స్వర్ణోత్సవ కానుక ఇంతకంటే ఏముంటుంది?

మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. మీరూ తీసుకోండి.